‘గ్లాసు పగిలింది’ అనే దౌత్యం

ఇంట్లో గ్లాసు పగిలితే పిల్లాడు ‘పగలగొట్టాను’ అనడు. ‘పగిలింది’ అంటాడు. అబద్ధమా అంటే కాదు, పగిలిన మాట నిజమే. వాక్యంలో కర్త లేడు, అంతే. యుద్ధం నడుస్తుండగా వచ్చే దౌత్య ప్రకటనలు చదివినప్పుడల్లా నాకు ఆ పిల్లాడే గుర్తొస్తాడు.

2023 సెప్టెంబరు నాటి ఢిల్లీ జీ20 ప్రకటనే తీసుకోండి. అంతకుముందు ఏడాది బాలి ప్రకటనలో, ఉక్రెయిన్‌పై రష్యా దురాక్రమణను తప్పుపట్టిన ఐరాస తీర్మానం మాటలు సూటిగానే ఉన్నాయి. ఢిల్లీకి వచ్చేసరికి ఆ మాటలు పోయి ‘ఉక్రెయిన్‌లో యుద్ధం’ మిగిలింది. ఉక్రెయిన్ విదేశాంగ శాఖ ప్రతినిధి ఒలెగ్ నికొలెంకో ఆ పేరాలను, టీచరు పరీక్ష పేపరు దిద్దినట్టు, ఎర్ర రంగుతో కొట్టేసి సోషల్ మీడియాలో పెట్టారు. ‘ఉక్రెయిన్‌లో’ కాదు, ‘ఉక్రెయిన్‌పై’ అన్నది ఆయన దిద్దుబాట్లలో ఒకటి. మన లెక్కలో తేడా ఒక్క విభక్తే. కానీ ‘లో’ అంటే తుపాను వచ్చినట్టు యుద్ధం వచ్చిపడిందని. ‘పై’ అంటే ఎవరో చేస్తున్నారని. రష్యా, చైనా కూడా ఒప్పుకుంటేనే ప్రకటన బయటికి వస్తుంది కాబట్టి ‘లో’ గెలిచింది. ఆతిథ్య దేశంగా భారత్‌కు అది పెద్ద విజయమే. కీవ్‌లో చదివినవాళ్లకు కాదు.

అస్పష్టత ప్రతిసారీ పిరికితనం అనలేం. 1967 నవంబరు 22న భద్రతా మండలి 242వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ ఏడాది అరబ్ దేశాలతో జరిగిన యుద్ధంలో ఇజ్రాయెల్ సేనలు ఆక్రమించిన భూభాగాల నుంచి వైదొలగాలన్నారు. ఏ భూభాగాలు? ఇంగ్లిష్ ప్రతిలో ఆ మాట ముందు ‘ది’ (the) లేదు. కాబట్టి అన్నీ వదలక్కర్లేదని ఇజ్రాయెల్ వాదన. ఫ్రెంచి ప్రతి చదివితే అన్నీ అనే అర్థం వస్తుంది, అరబ్ దేశాలు దాన్ని పట్టుకున్నాయి. తెలుగులో అసలు ‘ది’ లాంటిదే లేదు, మనమైతే ‘అన్ని’ అనో ‘కొన్ని’ అనో తేల్చిచెప్పాల్సి వచ్చేది. అలా తేల్చి ఉంటే ఆ రోజు మండలిలోని 15 దేశాల చేతులూ లేచేవి కావు. తేల్చనందుకు ఆ గొడవ ఇవాళ్టికీ తెగలేదు. ఇందులో ఏది నయమో నేనైతే గట్టిగా చెప్పలేను.

ఇక మన ఇంటి సంగతి. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ గురించి ప్రభుత్వం చెప్పిన మాటల సారం: గురిచూసి, కొలిచి కొట్టాం, ఉద్రిక్తత పెంచే ఉద్దేశం లేదు, పాకిస్థాన్ సైనిక స్థావరాల జోలికి వెళ్లలేదు. ఇది మనకోసం రాసింది కాదు. పాకిస్థాన్ సైనిక ప్రధాన కార్యాలయం ఉన్న రావల్పిండిలో చదివేవాళ్ల కోసం, ‘ఇక్కడితో ఆపితే మేమూ ఆపుతాం’ అని.

మూడు రోజులకు, మే 10 సాయంత్రం, ట్రంప్ పోస్టు వచ్చింది. అమెరికా మధ్యవర్తిత్వంతో రాత్రంతా చర్చలు జరిగాయని, ‘పూర్తి, తక్షణ కాల్పుల విరమణ’ కుదిరిందని. కర్త, కర్మ, క్రియ అన్నీ అమెరికాయే. మన టీవీల్లోనూ అదే మాట స్క్రోలింగ్ అయింది. కాసేపటికి విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ వచ్చి చిన్న ప్రకటన చదివారు. అందులో ‘కాల్పుల విరమణ’ అనే మాటే లేదు. కాల్పులు, సైనిక చర్య ఆపాలన్న ‘అవగాహన’ ఉంది, సాయంత్రం 5 గంటల నుంచి అమలని ఉంది. మధ్యవర్తి ఊసు లేదు. మొదలుపెట్టడమే ఇలా మొదలుపెట్టారు: మధ్యాహ్నం 3:35కి పాకిస్థాన్ డీజీఎంఓ (సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్) భారత డీజీఎంఓకు ఫోన్ చేశారు. ఈసారి కర్త ఉన్నాడు, ఫోన్ చేసిన టైముతో సహా.