కుక్కల్ని గోదావరి దాటిస్తే సమస్య దాటిపోదు

కొంతకాలంగా మా వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. క్లుప్తంగా అందులో ఉన్నది ఇదీ: "విరాళాలు తీసుకునే కుక్కల సంస్థలే వీధికుక్కలన్నిటినీ తీసుకుపోవాలి. వాళ్లు తీసుకోకపోతే పట్టుకుని గోదావరి దాటించి వదిలేయండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి మళ్లీ అదే వీధిలో వదలడం డబ్బు దండుకోవడానికే. కుక్కకాటుకు ఎంతమంది పోతున్నారో చూడండి. నాటుకుక్క పెంపకానికి ఎలాగూ పనికిరాదు." భీమవరం నుంచి అమలాపురం దాకా మాకు తెలిసినవాళ్లే దీన్ని పంపుతున్నారు. దెబ్బతిన్న కుక్కల్ని, వదిలేసిన కుక్కల్ని తెచ్చి, నయం చేసి, ఇళ్లు వెతికిపెట్టే చిన్న సంస్థ మాది. ఒక్కో మాటకూ జవాబు చెప్పాల్సిన బాధ్యత మాకుంది.

సంస్థలే అన్నిటినీ తీసుకోవాలన్న మాట ముందు చూద్దాం. మాకు తెల్లవారేది షెడ్డు కడగడంతోనే. నూకలు, కోడికాళ్లు, కాస్త పసుపు వేసి పెద్ద గిన్నె పొయ్యి మీద పెడతాం. అది ఉడికేలోగా పురుగులు పట్టిన పుండ్లు శుభ్రం చేయాలి, గజ్జి ఉన్నవాటికి మందు పట్టాలి, పిడుదుల వల్ల జ్వరం వచ్చినవాటికి మాత్రలు మింగించాలి, లారీ గుద్ది నడుము పడిపోయినదాన్ని పక్క మార్చి పడుకోబెట్టాలి. ఇదంతా ఎంత కష్టమైనా చేసుకోవచ్చు. ఉన్న చోటుకు మించి కుక్కల్ని నింపి, వాటిని బతికించడం మాత్రం ఎవరి తరమూ కాదు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు చావదు. గచ్చునైతే బ్లీచింగ్‌తో కడగొచ్చు, మట్టినేలను ఏం చేస్తాం? డిస్టెంపర్ అనే మరో కుక్కల జబ్బు తుంపరలతోనే అంటుకుంటుంది. అందుకే కొత్తగా వచ్చిన కుక్కను దాదాపు రెండు వారాలు విడిగా ఉంచాలి, దాని గిన్నె, దాని గోనెపట్టా కూడా వేరు.

ఈ సందేశం మొదలయ్యాక రాత్రిపూట అట్టపెట్టెల్లో కుక్కపిల్లల్ని పెట్టి మా గేటు దగ్గర వదిలి వెళ్లడం ఎక్కువైంది. చాలావాటికి కళ్లు తెరిచి వారమైనా ఉండదు. తల్లి వీధిలోనే ఉంటుంది, పొదుగు నిండి, పిల్లల కోసం తిరుగుతూ. ఒక పెట్టెలో పార్వో ఉంటే చాలు, కోలుకుంటున్న పిల్లలు రక్త విరేచనాలతో వరసగా పోతాయి. సెలైన్లు పెడుతూ రాత్రంతా కూర్చున్నా కొన్ని దక్కవు. చోటు లేదని మేం అన్నప్పుడు లోపల ఉన్నవాటి ప్రాణం కోసమే అంటున్నామని దయచేసి నమ్మండి. వీధికుక్కల సంఖ్యను అదుపు చేసే బాధ్యత, 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం, మునిసిపాలిటీలది, పంచాయతీలది. మేం వాళ్లకు తోడు నిలబడగలం, వాళ్ల స్థానంలో కాదు.

ఇక గోదావరి దాటించడం. సంచిలో కట్టి పంటు మీద అవతలి ఒడ్డుకు తీసుకెళ్లి లంకలో వదిలేస్తున్నారు. ఆ లంకలో మనుషులు లేరా? దూడలు, మేకపిల్లలు, కోళ్లు పెంచుకుని బతికే రైతులు ఉన్నారు. తెలియని చోట తిండి లేక, అక్కడి కుక్కలు తరుముతుంటే, ఆ జంతువు ఏం చేస్తుంది? కోడి మీద పడుతుంది, భయపడి మనిషిని కరుస్తుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి కోనసీమ లంకలు మునిగినప్పుడు మనుషుల్నే పడవల మీద తరలించారు. అలాంటి చోట దిక్కులేని కుక్కను వదలడమంటే చంపడమే. ఆకలికి, దాహానికి గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం కూడా.

పోనీ మీ వీధైనా బాగుపడుతుందా? కోడిమాంసం దుకాణం పక్కన చెత్త అలాగే ఉంటుంది, ఫంక్షన్ హాలు వెనక ఎంగిలి విస్తళ్లు అలాగే ఉంటాయి. ఆ తిండికి పక్క పేట కుక్కలు వస్తాయి. మీరు పంపించినదానికి చెవి కొస కత్తిరించి ఉందంటే దానికి ఆపరేషన్ అయింది, రేబిస్ టీకా పడింది అని గుర్తు. కొత్తగా వచ్చినదానికి ఆ రెండూ లేకపోవచ్చు. ఒక ప్రాంతంలో కనీసం 70 శాతం కుక్కలకు టీకా ఉంటే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. టీకా పడ్డవాటిని పంపేస్తే ఆ రక్షణ కూడా వాటితోపాటే పోతుంది.

ఆపరేషన్లు డబ్బు కోసమే అన్నదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు లేనిదే ఏ సంస్థా ఆ కార్యక్రమం నడపకూడదు. మాకు ఆ గుర్తింపు లేదు, మేం నడపడమూ లేదు. మా దగ్గరున్నవాటికి పశువుల డాక్టరు చేత చేయించుకుంటాం. ఆ బిల్లులు ఎవరడిగినా చూపిస్తాం. తిరిగి అదే వీధిలో వదలడం నిబంధన. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టూ అదే చెప్పింది, రేబిస్ ఉన్నవి, ఆ అనుమానం ఉన్నవి, మీదపడి కరిచేవి తప్ప. అదే ఏడాది నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో పట్టినవాటిని మాత్రం తిరిగి అక్కడ వదలకుండా షెల్టర్లకు పంపాలంది. లంకల్లో పారేయమని ఎవరూ అనలేదు.

కుక్కకాటు గురించిన భయం మాత్రం నిజం. బడికి వెళ్లే పిల్లల తల్లుల టెన్షన్ మాకు అర్థమవుతుంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కాబట్టి కరిచినా, గోరు గీరినా వెంటనే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టండి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు కాక 3, 7, 28 రోజులకు మళ్లీ వేయించుకోవాలి. చర్మం తెగి రక్తం వచ్చినా, గాయం లోతుగా ఉన్నా ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజెక్షన్ కూడా కావాలి. బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు ఎప్పుడో పోయాయి, ఆ భయంతో ఆగిపోవద్దు.

నాటుకుక్క పనికిరాదట! మా దగ్గర వదిలేసినవాటిలో హస్కీలు ఉన్నాయి. మంచు ప్రాంతాల కోసం పుట్టిన ఆ బొచ్చుతో మే నెల ఉక్కలో రొప్పుతూ వచ్చాయి. నాటుకుక్క వెంట్రుక పొట్టి, ఒళ్లు ఈ గాలికి అలవాటు. కొబ్బరితోటల్లో మకాంల దగ్గర, చేపల చెరువుల గట్ల మీద కాపలా కాస్తున్నవి ఏ జాతివి? మేం ఇచ్చిన నాటుకుక్కలు పిల్లలు దూరదేశంలో ఉన్న పెద్దవాళ్ల ఇళ్లలో కూడా ఉన్నాయి. ఇచ్చేముందు మేం ఇంటికి వచ్చి చూస్తాం. గేటు ఉందా, అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నాడా, ఇంట్లో అందరికీ ఇష్టమేనా అని అడుగుతాం. టీకాలు, ఆపరేషన్ తప్పవు. రోజంతా గొలుసుకు కట్టేస్తామంటే ఇవ్వం. ఊరు మారితే వీధిలో వదలకుండా మాకే తిరిగివ్వాలి. ఈ షరతులకు సరేననేవాళ్లు రండి. టీకాలు పూర్తయిన నాటు పిల్లలు ఇప్పుడూ మా దగ్గర ఉన్నాయి.