‘ఎదిగితే అదే కరిగిపోతుంది’ అనే మాటకు జవాబు

బడికెళ్ళే పిల్లలు లావుగా ఉన్నా కంగారు పడనక్కర్లేదని చెప్పే సందేశం ఒకటి వాట్సాప్‌లో రూపాలు మార్చుకుంటూ తిరుగుతూనే ఉంది. దాని సారం ఇది: అది బాల్యపు కొవ్వు, ఎత్తు పెరిగితే కరిగిపోతుంది, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే అంకె) తెల్లవాళ్ళ కొలత, మనకు పనికిరాదు, మన దేశపు సమస్య బక్కచిక్కిన పిల్లలే, అంతగా లావైతే అది థైరాయిడ్, పిల్లల తిండికి దిష్టి పెట్టకండి. పెద్దల మనసుకు హాయినిచ్చే మాటలు కాబట్టే ఇంతగా చెలామణి అవుతున్నాయి.

మొదటి మాటలో కొంత నిజం ఉంది. చిక్కంతా అక్కడే. ఏడాది బిడ్డకు నిండు బుగ్గలు, తొడల మీద మడతలు సహజం. నడక వచ్చాక పిల్లలు సన్నబడతారు. ఐదారేళ్ళకు బీఎంఐ అన్నిటికంటే తక్కువకు దిగి, అక్కడినుంచి మళ్ళీ పెరుగుతుంది. అంటే పాలబుగ్గల గడువు ఒకటో తరగతి నాటికే తీరిపోతుంది. ఆ మలుపు ఐదేళ్ళు నిండకముందే వస్తే, తర్వాత ఊబకాయం వచ్చే అవకాశం ఎక్కువ. పసిబిడ్డకు చెల్లే మాటను పన్నెండేళ్ళ పిల్లకు అంటగట్టడమే ఈ సందేశం చేసిన గారడీ.

పిల్లలను ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనాలను కలిపి పరిశీలించిన సమీక్ష ఒకటి 2016లో వెలువడింది. చిన్నతనంలో ఊబకాయం ఉన్నవారిలో సుమారు 55 శాతం మందికి కౌమారంలోనూ, కౌమారంలో ఉన్నవారిలో సుమారు 80 శాతం మందికి పెద్దయ్యాకా అది వదల్లేదు. ఊబకాయమున్న పెద్దల్లో 70 శాతం మందికి మాత్రం చిన్నప్పుడు ఆ సమస్యే లేదని కూడా అదే సమీక్ష చెప్పింది. కాబట్టి లావుగా ఉన్న పిల్లవాడి నుదుట ఏదో రాసి ఉన్నట్టు భయపెట్టడమూ తప్పే. ఎదిగే వయసు పిల్లల్లో చాలామందికి వైద్యులు బరువు తగ్గించమని చెప్పరు, పెరగకుండా నిలపమంటారు. ఈలోగా ఎత్తు పెరిగితే బీఎంఐ తగ్గుతుంది. సందేశం ‘ఎత్తు పెరిగితే’ అన్న సగాన్ని పట్టుకుని, ‘బరువు నిలిస్తే’ అన్న సగాన్ని వదిలేసింది.

బీఎంఐ మన కొలత కాదన్న వాదన ఎదురుతిరిగే వాదన. పెద్దలకు అధిక బరువుకు 25, ఊబకాయానికి 30 అని పెట్టిన బీఎంఐ అంకెలు పిల్లలకు పనికిరావు, నిజమే. పిల్లలకు వయసును బట్టి, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరుగా పట్టికలున్నాయి. మన దేశపు పిల్లల కోసం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో విడుదల చేసిన పట్టికల్లో అధిక బరువు గీత పెద్దల 23కు, ఊబకాయపు గీత 27కు సమానంగా ఉంటాయి. విదేశీ కొలత వదిలేస్తే మన కొలత ఇంకా కఠినమన్నమాట! కారణం పుణే పరిశోధనలో కనిపిస్తుంది. అక్కడి చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన శిశువుల బరువు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండ్ శిశువులది 3.5 కిలోలు. అంత చిన్న ఒంట్లో కండ తగ్గింది గానీ కొవ్వు అంతగా తగ్గలేదు. చూపుకు సన్నగా కనిపించే ఒంట్లోనూ కొవ్వు దాగుతుంది కాబట్టి, కంటితో చూసి ‘బాగానే ఉన్నాడు’ అనుకోవడం కుదరదు.

బక్కచిక్కిన పిల్లలు మన దేశంలో ఇప్పటికీ ఎక్కువే. కానీ లాన్సెట్ వైద్య పత్రిక 2024లో ప్రచురించిన అంచనా ప్రకారం 5 నుంచి 19 ఏళ్ళ వారిలో ఊబకాయం ఉన్నవారు 1990లో 4 లక్షలు, 2022లో కోటీ 25 లక్షలు. ఒక సమస్య ఉందని రెండోది లేకుండా పోదు.

ఇక థైరాయిడ్. పిల్లల ఊబకాయానికి అది కారణం కావడం అరుదు. థైరాయిడ్ లోపించిన పిల్లల్లో ఎదుగుదల మందగిస్తుంది, వయసుకు తగ్గ ఎత్తు ఉండరు. తోటివారితో సమానంగానో, ఇంకా పొడుగ్గానో ఉన్న లావుపాటి పిల్లవాడి విషయంలో ఆ అనుమానం బలహీనం. దానికంటే మెడ వెనక చూడండి. అక్కడ నల్లగా, మందంగా, మఖమల్‌లా చర్మం కనిపిస్తే చాలా ఇళ్ళల్లో మట్టి అనుకుని శనగపిండితో రుద్దుతారు. పాపం, ఆ పిల్లకు తిట్లు అదనం. లావుగా ఉన్న పిల్లల్లో అది సాధారణంగా ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. పిల్లల వైద్యుడికి చూపించాలి, రుద్దితే పోదు.

చివరగా ఆ దిష్టి మాట. పళ్ళెంలో ముద్దలు లెక్కపెట్టమని, అన్నం మానిపించమని ఎవరూ అనడం లేదు. పళ్ళెం పక్కనున్న సీసాను చూడమంటున్నాం. 300 మిల్లీలీటర్ల కోలా పానీయంలో చక్కెర 30 గ్రాములు దాటుతుంది. పాలలో కలిపే పొడులది మరో కథ. మన ఆహార చట్టంలో ‘హెల్త్ డ్రింక్’ అనే వర్గమే లేదు, వాటిని ఆ పేరుతో అమ్మవద్దని కేంద్ర వాణిజ్య శాఖ 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన పదార్థాలను బడిలోనూ, బడికి 50 మీటర్ల లోపునా పిల్లలకు అమ్మకూడదని 2020 నాటి ఆహార భద్రత నిబంధనలు చెబుతున్నాయి. పిల్లలకు రోజుకు 60 నిమిషాలు ఒళ్ళు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, గేమ్స్ పీరియడ్‌ను లెక్కల మాస్టారికి అప్పగిస్తున్నాం. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల సంగతి అయ్యాక, గేటు దగ్గరి బండి గురించి, ఆ పీరియడ్ గురించి కూడా అడగండి.