పాత ఫ్లాషర్‌తో ఎల్‌ఈడీ ఇండికేటర్లు కుదరవు
పాత బండికి ఎల్‌ఈడీ ఇండికేటర్లు బిగించి, ఉన్న ఫ్లాషర్‌నే (ఇండికేటర్లను ఆర్పి వెలిగించే పరికరం) వాడుకోవచ్చని ఎవరో రాశారు. కుదరదు. ఆ ఫ్లాషర్‌లోని రేకు వేడెక్కితేనే కొట్టుకుంటుంది. 12 వోల్టుల మీద రెండు 10 వాట్ల బల్బులు లాగే దాదాపు 1.7 ఆంపియర్లు దానికి కావాలి. ఎల్‌ఈడీలు అంత లాగవు, అందుకే ఆరకుండా వెలుగుతూనే ఉండిపోతాయి. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయాల్సిందే. మీటరులో ఇండికేటర్ వేశామని చూపే పైలట్ లైటు రెండు వైపులకూ ఒక్కటే ఉంటే దాని గుండా కరెంటు అవతలికి పారి నాలుగూ కొట్టుకుంటాయి. నెగటివ్ ఎర్త్ బండైతే (బ్యాటరీ నెగటివ్ బండి బాడీకి కలిపి ఉంటే) రెండు వైపుల నుంచీ ఒక్కో 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒక్క దిశలోనే పోనిచ్చేది), దాని మీది గీత పైలట్ బల్బు వైపు ఉండేలా పెట్టి, బల్బు రెండో కొన ఎర్త్‌కివ్వాలి. ఇక ఎర్త్ కోసం మడ్‌గార్డు బోల్టును మాత్రం దయచేసి నమ్మకండి. విశాఖ బీచ్ రోడ్డు ఉప్పుగాలికి అక్కడే ముందు తుప్పు పడుతుంది. ప్రతి ల్యాంపుకూ విడిగా ఎర్త్ వైరు బ్యాటరీ దాకా లాగండి.