మగాళ్ళు వంట నేర్చుకున్నారంటే నవ్వొచ్చింది

లాక్‌డౌన్ పుణ్యమా అని మగాళ్ళంతా వంటింట్లోకి వచ్చారని ఎవరో రాశారండీ, మా ఇంట్లో మాత్రం వంటంతా మా ఆవిడే, అదీ ఆఫీసు మీటింగులు చెవిలో పెట్టుకుని. నేను నేర్చుకుంది సరుకులు తేవడం, అదీ తిట్లు తిని.

2020 మార్చి 25, ఉగాది, దేశమంతా లాక్‌డౌన్ మొదటి రోజే కదా, మామిడికాయ ఎలాగో దొరికింది గానీ వేపపువ్వు అమ్మేవాళ్ళు లేరు, అపార్ట్‌మెంట్ వెనకాల చెట్టు కొమ్మ వంచుతుంటే పోలీసు బండి ఆగింది, పండగని వదిలేశారు. హైదరాబాద్‌లో 3 కిలోమీటర్లు దాటకూడదన్నారు కాబట్టి ఉన్న ఒక్క కిరాణా కొట్టు ముందు సున్నంతో గీసిన గుండ్రంలో నిలబడి అమ్మకి వీడియో కాల్ చేసేవాణ్ణి, ఇది కందిపప్పా శనగపప్పా అని. ఇడ్లీ రవ్వ తెమ్మంటే బొంబాయి రవ్వ 2 కేజీలు తెచ్చా, వారం రోజులు ఉప్మానే.

అసలు కథ ఆవకాయ అండీ. ఏటా మార్కెట్లోనే కాయలు కొట్టించి తెచ్చేవాళ్ళం, ఆ ఏడు కొట్టేవాళ్ళు లేరు, కత్తిపీట ముందేసుకుని నేనే కూర్చున్నా, టెంకతో సహా ముక్క పడాలంటే ఎంత బలం కావాలో అప్పుడు తెలిసింది, 20 కాయలకే అరచేతిలో బొబ్బలు. జాడీ జూలైకే ఖాళీ. ముక్క మెత్తబడింది నువ్వు సరిగ్గా తుడవలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, నూనె తక్కువ పోసింది మాత్రం తనే.