గర్భాశయ ముఖద్వార పరీక్షకు ఒక్క వాక్యమేనా?

నలభై దాటిన స్త్రీలు ఏటా చేయించుకోవలసిన పరీక్షలను వివరించిన ఈ వ్యాసంలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ప్రస్తావన ఒక్క వాక్యంతో ముగియడం నాకు లోటుగా తోచింది. నిజానికి ఈ పరీక్షకు నలభై దాకా ఆగనక్కరలేదు, ఏటా చేయించుకోనక్కరా లేదు. 2016 నాటి మన జాతీయ మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల వారికి ఐదేళ్లకు ఒకసారి చేస్తే చాలు. పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే వంటింటి వెనిగర్‌లో ఉండేదాన్నే, ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగితే, మార్పు చెందిన కణాలున్న చోటు తెల్లబడి కంటికే కనిపిస్తుంది. తెల్లబడినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు, మరో పరీక్ష అవసరమని మాత్రమే అర్థం. అయితే ముట్లుడిగిన తరువాత ఆ మార్పులు వచ్చే భాగం లోపలికి జరగడం వల్ల ఈ పద్ధతి అంతగా నమ్మదగినది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మొదటి ఎంపికగా సూచించిన హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కు ప్రధాన కారణమైన వైరస్) డీఎన్ఏ పరీక్షకైతే నమూనాను స్త్రీ తానే తీసుకోవచ్చు, కాబట్టి మన ఇళ్లలో అన్నిటికంటే పెద్ద అడ్డంకి అయిన బిడియం కూడా కొంత తగ్గుతుంది.

తెలంగాణలో స్త్రీలకు ఈ పరీక్ష కూడా చేసేందుకు 2023 మార్చి 8న మొదలైన ప్రభుత్వ ఆరోగ్య మహిళ క్లినిక్‌లను మంగళవారాల్లో నిర్వహించేలా రూపొందించారు. ఇటువంటి వివరం వ్యాసంలో ఉండవలసింది. "నాకే జబ్బూ లేదుగా" అంటూ రెండేళ్లు వాయిదా వేసిన మా అమ్మ, చూసేది లేడీ డాక్టరేనని తెలిశాకనే బయలుదేరింది.