సర్క్యూట్ బోర్డు అమ్మకాల మీద కాదు, డిజైన్ మీదే డబ్బు పెట్టాలి

ఎవరైనా చూసి, మార్చుకుని వాడుకునేలా కోడ్‌ను బయటపెట్టే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో లైసెన్స్‌కు బలముంది. కోడ్ మీద కాపీరైట్ ఉంటుంది, కాపీ చేయకుండా దాన్ని వాడుకోవడం కుదరదు. హార్డ్‌వేర్ దగ్గరకొచ్చేసరికి ఆ పట్టు సడలుతుంది. కాపీరైట్ సర్క్యూట్ డ్రాయింగ్‌కూ, లేఅవుట్ ఫైళ్లకూ వర్తిస్తుంది కానీ సర్క్యూట్ చేసే పనికి వర్తించదు. మార్కెట్లో బోర్డు కొని, విప్పి చూసి, మళ్లీ సొంతంగా గీసుకునేవాడిని ఏ ఓపెన్ లైసెన్సూ ఆపలేదు. ఆపాలంటే పేటెంట్ కావాలి, ఆ ఖర్చు చిన్న బృందాలకు తలకు మించిన భారం.

అందుకే లైసెన్స్ కన్నా ముందు, డిజైన్ చేసినవాళ్లకు జీతం ఎక్కడి నుంచి వస్తుందో తేలాలి.

త్రీడీ ప్రింటర్ల కథే చూడండి. 2005లో బ్రిటన్‌లోని బాత్ యూనివర్సిటీలో ఏడ్రియన్ బోయర్ మొదలుపెట్టిన రెప్‌రాప్ అనే త్రీడీ ప్రింటర్ డిజైన్లు జీపీఎల్ (మార్చి పంచితే ఆ మార్పులనూ తెరిచి ఉంచాలనే లైసెన్స్) కింద అందరికీ దొరికాయి. ఆ పునాది మీదే న్యూయార్క్‌లో మేకర్‌బాట్ అనే ప్రింటర్ల కంపెనీ ఎదిగింది. 2012లో రెప్లికేటర్ 2 అనే ప్రింటర్‌తో డిజైన్లు ఇవ్వడం ఆపేసింది. మరుసటి ఏడాది స్ట్రాటసిస్ అనే పెద్ద త్రీడీ ప్రింటర్ల కంపెనీ దాన్ని 40 కోట్ల డాలర్లకు పైగా విలువైన షేర్లిచ్చి కొనేసింది. చెక్ దేశపు ప్రింటర్ల తయారీదారు జోసెఫ్ ప్రూషా చాలాకాలం ఓపెన్‌గానే నిలబడ్డారు. ఆయన కూడా 2023లో, క్లోన్లు (నకళ్లు) చేసేవాళ్లు తిరిగి ఏమీ ఇవ్వడం లేదని, కొత్త లైసెన్స్ గురించి ఆలోచించాలని రాశారు. వీళ్ల నిజాయితీని శంకించడం తేలికే. కానీ అసలు చిక్కు వ్యాపార పద్ధతిలో ఉంది. అసలు కంపెనీ డిజైన్ ఖర్చును బోర్డు ధరలో రాబట్టుకోవాలి. క్లోన్ చేసేవాడికి ఆ ఖర్చే లేదు. చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు చేసే ఆర్డుయినో డిజైన్ ఇచ్చేసి పేరును ట్రేడ్‌మార్క్‌గా కాపాడుకుంది, అయితే అంత పేరున్న కంపెనీలు ఎన్ని?

జెనీవా దగ్గరి భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్ దారి వేరు. వైట్ రాబిట్ అనే ప్రాజెక్టు దూరదూరంగా ఉన్న పరికరాల గడియారాలను నానోసెకన్ కన్నా తక్కువ తేడాతో కలుపుతుంది. తన యాక్సిలరేటర్లకు (కణాలను వేగంగా పరుగెత్తించే యంత్రాలకు) అవసరం కాబట్టి డిజైన్ ఖర్చులో పెద్ద భాగం సెర్నే పెట్టుకుంది. స్పెయిన్‌లోని సెవెన్ సొల్యూషన్స్ వంటి కంపెనీలు ఆ పరికరాలు తయారుచేసి అమ్మాయి, సపోర్ట్ ఇచ్చాయి. ఇక్కడ కాపీ అంటే నష్టం కాదు, ఇంకో సరఫరాదారు దొరికినట్టు. సెర్న్ 2011లో తెచ్చిన హార్డ్‌వేర్ లైసెన్స్‌కు 2020లో రెండో వెర్షన్ వచ్చింది. అందులో మూడు రకాలున్నాయి. ఒకటి దాదాపు షరతుల్లేనిది, మరొకటి మొత్తం ఉత్పత్తినీ తెరవమంటుంది. నాకు నచ్చేది మధ్యలోది: డిజైన్‌లో చేసిన మార్పులు పంచుకోవాలి, దాన్ని అమర్చిన పెద్ద యంత్రం మాత్రం సొంతంగానే ఉంచుకోవచ్చు.

మన దగ్గర కేంద్ర ప్రభుత్వ నిధులతో ఐఐటీ మద్రాస్ తయారుచేసిన శక్తి ప్రాసెసర్ దాదాపు షరతుల్లేని బీఎస్‌డీ లైసెన్స్ కింద వచ్చింది. ప్రాసెసర్‌కు అది సరే, షరతులుంటే కంపెనీలు దగ్గరికి రావు. కానీ వైద్య పరికరాలకూ, పొలంలో పెట్టే సెన్సర్లకూ జనం డబ్బుతో డిజైన్ చేయిస్తే మధ్యరకం లైసెన్సే ఉండాలి. హైదరాబాద్ టీ-వర్క్స్ లాంటి చోట ప్రోటోటైప్ (తొలి నమూనా) చేసుకునే యంత్రాలున్నాయి. వాటి పక్కన డిజైన్‌కు జీతమిచ్చే గ్రాంట్ కూడా కావాలి.

ఆ గ్రాంట్ ఒప్పందంలో రెండు విషయాలు తప్పక రాయాలి. ఫ్యాక్టరీకి పంపే తుది ఫైళ్లు ఒక్కటే ఇస్తే చాలదు, మార్చుకోవడానికి వీలైన అసలు డిజైన్ ఫైళ్లు, పార్టుల జాబితా, టెస్టింగ్ పద్ధతి కూడా ఇవ్వాలి. రెండోది, బోర్డులోని ఏదో ఒక చిప్ తయారీ కొన్నేళ్లకు ఆగిపోతుంది. అప్పుడు డిజైన్ మార్చే ఇంజినీరుకు ఇవ్వాల్సిన డబ్బు మొదటి బడ్జెట్‌లోనే పక్కన పెట్టాలి.