మందు మోతాదు తగ్గించినా క్లెయిమ్ పోవచ్చు: కెనడా పెద్దల ప్రయాణ బీమాలో అసలు మెలిక

బీపీ బాగా అదుపులోకి వచ్చిందని డాక్టరు మాత్రను పది మిల్లీగ్రాముల నుంచి ఐదుకు తగ్గిస్తే ఎవరైనా సంతోషిస్తారు. కెనడాలో ఉంటూ, డెబ్బై దాటి, వచ్చే నెలలో విమానం ఎక్కబోతున్నవాళ్లు మాత్రం ఆ సంతోషానికి ముందు పాలసీ కాగితాలు తీసి చూసుకోవాలి. చాలా పాలసీల్లో మోతాదు పెరిగినా తగ్గినా లెక్క ఒకటే. ఆ జబ్బు ‘నిలకడగా లేదు’ అని రాసుకుంటారు. అప్పటినుంచి 90 రోజులు, కొన్నిచోట్ల 180 రోజులు గడవకముందే బయల్దేరితే, ఆ జబ్బుకు సంబంధించి విదేశంలో ఏం జరిగినా బిల్లు మనదే.

ప్రయాణ బీమా మాట వస్తే అందరూ వయసు గురించి, ప్రీమియం గురించి మాట్లాడతారు. 75 ఏళ్ల మనిషి నాలుగు నెలలు ఫ్లోరిడాలో ఉండాలంటే ప్రీమియం వేల డాలర్లలోకి వెళ్తుంది, అది భారమే. కానీ నాకు కనిపించే అసలు సమస్య ధర కాదు. శ్రద్ధగా డాక్టరు దగ్గరికి వెళ్లి, పరీక్షలు చేయించుకుని, మందులు సరిచేయించుకునే పెద్దల్నే ఈ ఒప్పందం ఎక్కువ ఇరుకున పెడుతోంది. ఆరు నెలలుగా ఆసుపత్రి గడప తొక్కని మనిషి కాగితం మీద ఆరోగ్యవంతుడు. నెలనెలా బీపీ చూపించుకునే మనిషి అనుమానితుడు.

కెనడాలో వైద్యం ఉచితం కదా, మళ్లీ బీమా ఎందుకని ఇండియాలో ఉన్న బంధువులు అడుగుతుంటారు. 1984 నాటి కెనడా హెల్త్ యాక్ట్‌లో ఐదు మూల సూత్రాలున్నాయి. మనిషి ఎక్కడికి వెళ్లినా అతని ఆరోగ్య రక్షణ వెంట రావాలన్నది వాటిలో ఒకటి. దేశం బయట వైద్యం అవసరమైతే, అదే వైద్యానికి సొంత ప్రావిన్సులో (మన రాష్ట్రం లాంటిది) ఎంత ఇచ్చేవారో అంత ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఆచరణలోకి వస్తే ఒంటారియో ఐసీయూ స్థాయి చికిత్సకు రోజుకు గరిష్ఠంగా 400 డాలర్లు, మామూలు వార్డుకు 200, అత్యవసరంగా వెళ్లి చూపించుకుని వచ్చేస్తే 50 ఇస్తుంది. క్యూబెక్‌లో ఆసుపత్రిలో చేరితే రోజుకు 100. బ్రిటిష్ కొలంబియాలో 75. అన్నీ కెనడా డాలర్లే. సొంత ప్రావిన్సు ఆసుపత్రిలో ఐసీయూ మంచం మీద ఒక్కరోజుకు అయ్యే ఖర్చుకే ఇవి ఏ మూలకూ చాలవు. ఇక అమెరికా ఆసుపత్రి బిల్లు ముందు వీటిని చెప్పుకోవడమే అనవసరం.

ఒంటారియో ప్రభుత్వం 2020 జనవరి 1 నుంచి ఈ కొద్దిపాటి చెల్లింపునూ ఎత్తేసింది. అందుకు చెప్పిన కారణం విచిత్రమైనది. ప్రజలు పెట్టిన ఖర్చులో డాలరుకు 5 సెంట్లే ఈ పథకం తిరిగిస్తోంది కాబట్టి దీనివల్ల పెద్ద ఉపయోగం లేదట! తక్కువ ఇస్తున్నది తామే, తక్కువ వస్తోంది కాబట్టి తీసేద్దామన్నదీ తామే. చలికాలంలో అమెరికా దక్షిణ ప్రాంతాలకు వెళ్లే పెద్దల సంఘం, కెనడియన్ స్నోబర్డ్ అసోసియేషన్, కోర్టుకెక్కింది. అదే ఏడాది సెప్టెంబరులో డివిజనల్ కోర్టు ఆ రద్దును కొట్టేసింది. పథకం తిరిగొచ్చింది, ఆ 400 డాలర్ల పరిమితితోనే. పెద్దలు గెలిచారు సరే, ప్రైవేటు బీమా లేకుండా సరిహద్దు దాటే ధైర్యం మాత్రం ఎవరికీ రాలేదు.

బీమా కంపెనీల వైపు నుంచి కూడా చూడాలి. ఈ పాలసీలు ఫోన్ మీదో వెబ్‌సైట్‌లోనో నిమిషాల్లో అమ్ముతారు. డాక్టరు పరీక్ష ఉండదు, రక్తపరీక్ష ఉండదు. అలాంటప్పుడు ఛాతీలో నొప్పి మొదలైనవాడు పాలసీ కొనుక్కుని వెళ్లి అమెరికాలో ఆపరేషన్ చేయించుకోకుండా ఏదో ఒక అడ్డు ఉండాల్సిందే. కొత్త లక్షణాలు, కొత్త మందు, కొత్త పరీక్ష, స్పెషలిస్టు దగ్గరికి పంపడం, ఫలితం రావాల్సిన రిపోర్టు, ఇవేవీ ఆ 90 లేదా 180 రోజుల్లో ఉండకూడదన్న నిబంధన పుట్టింది అందుకే. దాని ఉద్దేశంతో నాకు గొడవ లేదు.

గొడవంతా దాన్ని ఎంత వెడల్పుగా రాశారన్న దగ్గర. చాలా కంపెనీలు ఇన్సులిన్ మోతాదు సర్దుబాటును, రక్తం పలచబరిచే వార్ఫరిన్ సర్దుబాటును ఈ నిబంధన నుంచి మినహాయిస్తాయి. ఆ మందుల్లో హెచ్చుతగ్గులు రోజువారీ వ్యవహారమని వాళ్లకు తెలుసు. అంటే ఏ మార్పు ప్రమాద సూచనో, ఏది మామూలు వైద్యమో విడదీయడం వాళ్లకు చేతకాక కాదు. అలాంటప్పుడు బరువు తగ్గినందుకు బీపీ మాత్ర సగానికి తగ్గించిన మనిషిని, నొప్పి పెరిగి మందు రెట్టింపైన మనిషిని ఒకే గాట కట్టడం ఎందుకు? కొత్త మోతాదు నిలుస్తుందో లేదో తెలియదు కదా అంటారు. నాలుగు వారాలు చూస్తే తెలిసిపోయే దానికి ఆరు నెలలు ఎందుకో చెప్పరు. అదనంగా డబ్బు కడితే కొన్ని కంపెనీలు గడువును ఏడు రోజులకు కూడా కుదిస్తాయి. దీన్నిబట్టి ఆ గడువు వెనక వైద్యం పాలు ఎంతో, వ్యాపారం పాలు ఎంతో అర్థం చేసుకోవచ్చు.

ఇక్కడే ప్రభుత్వ వ్యవస్థలోని జాప్యం వచ్చి పడుతుంది. ఫ్యామిలీ డాక్టరు స్పెషలిస్టుకు రాసిన దగ్గర్నుంచి చికిత్స అందేదాకా 2024లో మధ్యస్థంగా 30 వారాలు పట్టిందని ఫ్రేజర్ ఇన్‌స్టిట్యూట్ లెక్క. ఆ సంస్థ ప్రైవేటు వైద్యం వైపు మొగ్గే సంస్థ, ఆ సంగతి గుర్తుంచుకునే చదువుదాం. అయినా 30 వారాలంటే 210 రోజులు. బీమావాళ్ల అత్యంత కఠినమైన గడువు 180. క్యూలో ఉన్నంతకాలం ఆ జబ్బు విషయంలో మనిషి ఎటూ కదలలేడు. కార్డియాలజిస్టు అపాయింట్‌మెంటు రాకపోవడం అతని తప్పు కాదు, అయినా గుండెకు సంబంధించిన కవరేజీ పోతుంది. ఫ్యామిలీ డాక్టరే లేనివాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. అపాయింట్‌మెంటు లేకుండా వెళ్లే వాకిన్ క్లినిక్‌లో ఒకరు, ఎమర్జెన్సీలో ఒకరు ఎవరికి తోచింది వాళ్లు రాసుకుంటారు. ఎవరేం రాశారో రోగికి తెలియదు.

క్లెయిమ్ వచ్చాక కంపెనీ చేసే మొదటి పని ఆ రాతలన్నీ తెప్పించుకోవడం. ఏడాది క్రితం ఆయాసం వస్తోందని చెబితే డాక్టరు తన ఫైల్లో ‘గుండె సమస్యేమో చూడాలి’ అని ఒక ముక్క రాసి, ఈసీజీ బాగుందని పంపేసి ఉండొచ్చు. రోగికి ఈసీజీ బాగుందన్నది మాత్రమే గుర్తుంటుంది. ప్రశ్నావళిలో ‘గుండె సమస్య ఉందా, పరీక్షలు జరిగాయా’ అన్న చోట లేదని టిక్కు పెడతాడు. ఆ జవాబు తప్పని తేలితే ఒక్క గుండె జబ్బుకే కాదు, పాలసీ మొత్తానికే ఎసరు రావచ్చు. కాలు విరిగి ఆసుపత్రిలో చేరినా సరే.

మన ఇళ్లలో ఈ ప్రశ్నావళి నింపేది ఎవరు? బ్రాంప్టన్‌లోనో ఎడ్మంటన్‌లోనో అమ్మానాన్నలతో ఉంటున్న కొడుకో కూతురో, ఆఫీసు మీటింగుల మధ్య. ‘అమ్మా, నీకు బీపీ, షుగర్ తప్ప ఇంకేం లేవుగా?’ అని వంటింట్లోకి ఒక కేక. ‘ఏం లేవురా’ అని జవాబు. పాదాలు వాస్తున్నాయని డాక్టరిచ్చిన నీరు తగ్గే మాత్ర ఆవిడ లెక్కలో మందే కాదు. కొన్ని ప్రశ్నావళుల్లో ఆ మాత్ర పేరు పెట్టి మరీ అడుగుతారు, ఎందుకంటే అది గుండె బలహీనతకు కూడా వాడే మందు. ఫారం నింపింది అబ్బాయి, బాధ్యత అమ్మది. మందుల డబ్బా ముందు పెట్టుకుని, ఫార్మసీ నుంచి మందుల జాబితా ప్రింటు తీసుకుని, పక్కన కూర్చుని నింపితే ఈ తిప్పల్లో సగం పోతాయి.

ఇండియా ప్రయాణానికి వేరే లెక్కలున్నాయి. హైదరాబాదులో స్టెంటు వేసినా కొన్ని లక్షల రూపాయలతో అయిపోతుంది, దానికి వేల డాలర్ల ప్రీమియం ఎందుకని చాలామంది బీమా లేకుండానే వస్తారు. ఈ వాదనను కొట్టిపారేయలేం. చిన్నాచితకా వైద్యానికి జేబులోంచి పెట్టుకోవచ్చు. కానీ మూడు వారాలు వెంటిలేటర్ మీద ఉండాల్సి వస్తే ఇక్కడి కార్పొరేట్ ఆసుపత్రి బిల్లు కూడా భయపెడుతుంది. మనిషిని ఎయిర్ అంబులెన్సులో కెనడా చేర్చాలంటే ఖర్చు లక్ష డాలర్లు దాటొచ్చు. అందుకే ఇండియా వచ్చేవాళ్లకు నా సలహా పెద్ద డిడక్టిబుల్ ఉన్న పాలసీ. మొదటి ఐదు వేలో పది వేలో డాలర్లు మనమే భరిస్తామంటే ప్రీమియం బాగా దిగుతుంది, పెద్ద దెబ్బకు మాత్రం అండ ఉంటుంది. అమెరికా వెళ్లేవాళ్లు ఈ చిట్కా జోలికి పోకపోవడం మేలు.

వచ్చినవాళ్లు చేసే ఇంకో పని ఉంది. జనవరిలో తీరిగ్గా ఉన్నారు కదా, కెనడాలో ఏడాది పట్టే పరీక్షలన్నీ ఇక్కడ ఒక్క పూటలో అయిపోతాయని పిల్లలు మాస్టర్ హెల్త్ చెకప్ చేయిస్తారు. దానికోసం పాలసీ డబ్బులివ్వదు, అది వేరే సంగతి. ఇక్కడి డాక్టరు షుగర్ మాత్ర మార్చి, కొలెస్ట్రాల్‌కు కొత్తది రాస్తాడు. మార్చిలో తిరిగెళ్లి, ఏప్రిల్లో మనవరాలి పట్టా పండక్కి అమెరికా బయల్దేరతారు. ఏడాది పొడవునా పనిచేసే మల్టీట్రిప్ పాలసీ ఉందిలే అనుకుంటారు. ఆ పాలసీలో నిలకడ గడువును ప్రతి ప్రయాణానికీ బయల్దేరే రోజు నుంచి వెనక్కి మళ్లీ కొత్తగా లెక్కేస్తారు. హైదరాబాదు చెకప్ ఆ గడువులోకే వస్తుంది.

ఇండియా ఆరోగ్య బీమాతో పోలిస్తే ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మన దగ్గర 2024 నుంచి ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ గరిష్ఠంగా మూడేళ్లు. ఐదేళ్లు వరసగా ప్రీమియం కట్టాక, మోసం రుజువైతే తప్ప, పాత సంగతులు తవ్వి క్లెయిమ్ ఆపడానికి వీల్లేదు. మన బీమా కంపెనీలేమీ తక్కువ తినలేదు, కానీ పాత ఖాతాదారుకు కాలం గడిచేకొద్దీ కొంత హక్కు పుడుతుంది. కెనడా ప్రయాణ బీమాలో ఇరవై ఏళ్లుగా ఒకే కంపెనీ దగ్గర కొన్నా ప్రతిసారీ కొత్త మనిషే.

యాత్రల సంగతీ చెప్పాలి. కెనడా ప్రభుత్వం దేశాలకు, ప్రాంతాలకు నాలుగు స్థాయిల్లో ప్రయాణ సూచనలు ఇస్తుంది. మూడో స్థాయి అంటే అవసరమైతే తప్ప వద్దని, నాలుగో స్థాయి అంటే అసలు వద్దని. ఆ హెచ్చరిక ఉన్నచోటికి వెళ్తే చాలా పాలసీలు కవరేజీ తగ్గిస్తాయి, లేదా ఇవ్వవు. జమ్మూకాశ్మీర్‌కు అసలు వెళ్లొద్దని కెనడా ప్రభుత్వం చాలా ఏళ్లుగా చెబుతూనే ఉంది. వైష్ణోదేవి, అమర్‌నాథ్ రెండూ అక్కడే. ఇండియాకు పాలసీ తీసుకున్నాం కదా అని కత్రా మెట్లెక్కే పెద్దలకు ఈ సంగతి చెప్పేవాళ్లు ఉండరు. మరొకటి, ఒంటారియో హెల్త్ కార్డు ఉన్నవాళ్లు పన్నెండు నెలల్లో 212 రోజులకు మించి బయట ఉంటే ఆ కార్డుకే ప్రమాదం. ప్రభుత్వ కవరేజీ చెల్లకపోతే దాని మీద ఆధారపడిన ప్రయాణ బీమా కూడా చెల్లదు. ఆదాయం తక్కువున్న పెద్దలకు పింఛను మీద అదనంగా వచ్చే సప్లిమెంటు కూడా ఆరు నెలలు దాటి బయట ఉంటే ఆగిపోతుంది.

క్రెడిట్ కార్డుతో వచ్చే బీమాను నమ్ముకునేవాళ్లకు ఒకే మాట: 65 దాటితే చాలా కార్డుల్లో అది కొద్ది రోజులకే పరిమితం, కొన్నింట్లో ఉండనే ఉండదు.

ఎక్కువ శాతం క్లెయిములు చెల్లిస్తున్నామని బీమా పరిశ్రమ చెబుతుంది. సంఖ్య ప్రకారం నిజమే కావచ్చు. జ్వరానికి రెండొందల డాలర్లు, దంతం విరిగితే మూడొందలు, ఇవన్నీ ఆ శాతంలో ఉంటాయి. ఫైలు తెప్పించి వెతికేది లక్షల డాలర్ల బిల్లుకే. కాబట్టి చెల్లించిన క్లెయిముల సంఖ్య కాకుండా, అడిగిన మొత్తంలో చెల్లించిన మొత్తం ఎంతో, వయసులవారీగా ప్రకటించాలి. ఆ లెక్క అడిగే అధికారం బీమాను పర్యవేక్షించే ప్రావిన్సులకు ఉంది.

వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. అక్టోబరులో ఛాతీ కాస్త పట్టేసినట్టుంటే, డాక్టరుతో చెబితే పరీక్షలు రాస్తాడు, పరీక్ష రాస్తే బీమా పోతుంది, టికెట్లు పోతాయి, అందుకని ‘తిరిగొచ్చాక చూసుకుందాంలే’ అనుకునే పెద్దలు ఉంటారు. పాలసీ రాసినవాళ్లు దీన్ని కోరుకుని ఉండరు. కానీ నిబంధన ఆ పెద్దలను నెడుతున్నది అటే.

దీనికి మందు లేకపోలేదు. క్లెయిమ్ వచ్చాక తెప్పించే ఫైలును అమ్మకానికి ముందే తెప్పించాలి. 70 దాటినవాళ్లకు, రోగి అనుమతితో, ఫ్యామిలీ డాక్టరు ఇచ్చే ఒక పేజీ సారాంశం చూసి, దేనికి కవరేజీ ఉంది, దేనికి లేదు అన్నది పేరుపేరునా రాసివ్వాలి. ఆ తర్వాత మోసం ఉంటే తప్ప వెనక్కి వెళ్లకూడదు. ఇలాంటి కాగితాలకు డాక్టర్లు విడిగా రుసుము తీసుకుంటారు, అది ప్రభుత్వ బీమా కిందకు రాదు. వేల డాలర్ల ప్రీమియం తీసుకునే కంపెనీలే ఆ రుసుము కట్టాలి. ముందుగా చదవడానికి ఖర్చవుతుందన్న మాట వాళ్ల నోట రాకూడదు, తర్వాత చదవడానికి పెట్టే ఖర్చు దానికంటే తక్కువేం కాదు.